పదిహేడో బొమ్మ

కర్నూలు, 1957 ఏప్రిల్. నాగసుబ్బయ్య శెట్టి రాతి అచ్చు ప్రెస్సు వెనక రేకుల వసారా, మధ్యాహ్నం. శెట్టి, ఆయన దగ్గర రాళ్ల మీద బొమ్మలు గీసే ఉరుకుందప్ప.

“నీళ్లు పొయ్యి ఉరుకుందప్పా. ఇసుక ఎండిపోతాండాది.”

“నదిలోనే లేవు, కుండలో యాడివి సామీ? ఇసుకకైతే ఈ ఊర్లో కరువు లేదు.”

“మాటలు తగ్గిచ్చి చెయ్యాడిచ్చు. నాలుగు రాళ్లు అయినాయి. ఇంగ రెండు. సాయంత్రానికి అన్నీ తెల్లగా ఉండల్ల.”

“నాలుగు రాళ్లు కాదు సామీ, పదహారు బొమ్మలు. రాయికి నాలుగు లెక్కన. పొద్దున్నించి పదహారు బొమ్మలు నా చేత్తోనే తుడిచేసినా.”

“గీసినోడే తుడవల్ల. అచ్చేసే ఏసేపు ఈస్టరు పండగని వాళ్ల ఊరికి పాయ. ఎవురితో చేయిచ్చేది?”

“గీసేకి మూడు నెలలు పట్టె.”

“నూరేకి ఒకపూట. అంతే. రెండో రాయి కింద పెట్టు. అయిదో రాయి దానిమీద బోర్లిచ్చు. నడమ ఇసుక పోసి తిప్పు. ఒకదానికొకటి అరిగిపోతాయి.”

“తెలుసులే సామీ, ఇరవై ఏండ్లుగా అదే పని. బీడీ లేబులు అయిపోతే నూరల్ల, మందుసీసా లేబులు అయిపోతే నూరల్ల. ఎప్పుడూ ఏమనిపించలా.”

“ఇప్పుడేం అనిపిస్తాంది?”

“ఏం లేదు. మీ చేతికి ఆ గుడ్డేంది?”

“దీపం కాలింది.”

“అంత పెద్ద గుడ్డ కట్టేంత దీపమా?”

“నీ పని చూడప్పా. ఆ రెండు రాళ్లూ కడాకు ఎందుకు పెట్టినావు?”

“నేను పెట్టలా సామీ. పొద్దున మీరే పక్కకు జరిపినారు.”

“నేనా?”

“మీరే. ఇవి ఉండనీ, మిగతావి కానీ, అన్నారు.”

“అట్లనా. బరువని చెప్పింటా.”

“అన్నీ ఒకటే బరువు.”

“ఉరుకుందప్పా, ఇనస్పెక్టరు కబురు పంపినాడని చెప్పినా గద నీకు. ఈ పొద్దో రేపో వస్తాడు. ఆయన వచ్చేలోగా ఈ ఇంట్లో ఆ బొమ్మలు ఒక్కటీ ఉండకూడదు. రాయి మీద గాని, కాయితం మీద గాని.”

“ఒక్క రాయి నాకు ఇయ్యండి సామీ. ఆలూరికి ఎత్తుకపోతా. మా ఇంట్లో పెట్టుకుంటా.”

“మణుగు రాయి. ఆలూరు దాకా మోసకపోయి ఏం చేస్తావు? మీ సుంకమ్మ దానిమీద పచ్చడి నూరుతాదా?”

“చూసుకుంటా.”

“చూసుకుంటాడంట. యాభై ఏండ్ల మనిషి.”

“నలభై ఎనిమిది.”

“ఏదో ఒకటి. అవి బూతు బొమ్మలప్పా.”

“గియ్యమన్నేది మీరే గద సామీ.”

“అన్నా. గవర్నమెంటు హైదరాబాదుకు పాయ. ఫారాలు పాయ, రసీదు పుస్తకాలు పాయ. ఇంగేం చెయ్యల్ల, ప్రెస్సుకు తాళం ఏసుకోవల్లనా? సంతల్లో సరుకమ్మే బొజ్జన్న వచ్చి ఇట్లాంటివి బాగ పోతాయన్నాడు. సరే అన్నా. నీకేం చెప్పినా? పెండ్లయినోల్లు చూసుకునే బొమ్మలు ఇరవైనాలుగు గియ్యమని చెప్పినా. నువ్వేం గీసినావు?”

“అవే గీసినా.”

“యాడ గీసినావు? ఇరవైనాలుగిట్లో అవి ఆరు. మిగతావేంది? ఆమె కొర్రలు దంచేది. వాడు ఎద్దుకు నీళ్లు పెట్టేది. ఆమె వడ్డించేది. వాడు ఆమె కాలిలో ముల్లు తీసేది. ముల్లుకు ఒకటి కాదు, మూడు బొమ్మలు.”

“ముల్లు ఊరికే రాదు గద సామీ.”

“ఎగతాళి వద్దు.”

“ఎగతాళి కాదు. మీరు కావాలన్న ఆరు ఉండాయి చూడండి, దాంట్లో వాడు ఆమె చెయ్యి పట్టుకుంటాడు. ఆ చెయ్యి పొద్దంతా కొర్రలు దంచిన చెయ్యి. బొబ్బలెక్కిండాది. వాడు ఆ బొబ్బల మీద ముఖం పెట్టుకున్నాడు. దంచింది చూడనోనికి అది ఏం తెలుస్తాది? ఒట్టి ఒళ్లు కనపడతాది. దంచింది చూసినోనికి ఇద్దరు మనుషులు కనపడతారు.”

“సంతలో కొనేటోనికి ఇద్దరు మనుషులు ఎందుకప్పా?”

“నాకు కావల్ల.”

“నీకు కావల్లంట. నువ్వు మూడో తరగతి చదివినోనివి. పెద్ద పెద్దోల్లు బొమ్మలేస్తారు మద్రాసులో, బీరువా అద్దాల్లో పెడతారు. వాండ్లు గీస్తారా ఇట్లాంటివి?”

“మూడు గూడా అయిపోలా సామీ. పలక మీద అయ్యవారి బొమ్మ గీసినానని ఎల్లగొట్టిరి. బొమ్మ సరిగ్గుండాది, అందుకే కోపమొచ్చె.”

“ఇప్పుడు గూడా అదే గతి.”

“మా ఊరి తేరుకు రంగేసేది నేనే. తేరు కింద వరసలో చెక్కినేవి ఎప్పుడన్నా చూసినారా మీరు?”

“అది దేవుని తేరు.”

“నేను గీసినేవి వాటి ముందర పిల్లాటలు. ఆడోల్లు పిల్లల్ని సంకనేసుకోని వచ్చి ఆ తేరుకే టెంకాయ కొడతారు. ఆ కొయ్యబొమ్మల తొడలకు నేను ఎర్ర రంగేసినప్పుడు నన్ను ఎవురూ బూతోడనలా. ధర్మకర్త టెంకాయ చిప్ప చేతిలో పెట్టి, చక్కగుండాది ఉరుకుందప్పా అన్నాడు.”

“అవి దిష్టి తగలకుండా చెక్కుతారు.”

“కొయ్యకు దిష్టి తగుల్తాది, మనిషికి తగలదా?”

“నీతో వాదన నావల్ల కాదు. ఎవురికన్నా తెలిసినోల్లకు చూపిచ్చింటే చెప్పేటోల్లు నీకు.”

“చూపిచ్చినా. దావీదురాజు సారుకు. పిల్లోల్లకు డ్రాయింగు చెప్తాడే, ఆయప్పకు.”

“ఏమన్నాడు?”

“చూడనన్నాడు. మల్ల తలుపేసినాడు. ఇరవైనాలుగూ చూసినాడు, ఒక్కొక్కటి శానాసేపు. అద్దాలు తీసి తుడుచుకోని మల్ల మొదట్నించి చూసినాడు. చూసి, గీత బాగుండాది, గీసినేది బాగలేదు అన్నాడు. చేతులు కడుక్కున్నాడు.”

“చూసినావా మరి.”

“కడుక్కోని తుడుచుకోని, పుస్తకం ఈడ పెట్టిపో అన్నాడు.”

“పెట్టినావా?”

“పెట్టలా. చేతులు కడుక్కున్నోనికి ఎందుకిస్తా? నా దగ్గరుండేది అదొక్కటే. అదీ ఉగాది ముందర బొజ్జన్న, తక్కువ పడిందప్పా అని తీసుకపాయ. ఇప్పుడు నాకు ఈ రాళ్లే సామీ. ఒక్కటి ఇయ్యండి. బతుకంతా నూరినేవే గాని ఉంచుకున్నేది ఒక్కటీ లేదు.”

“ఇయ్యను.”

“ఒక్క కాయితమన్నా అచ్చు తీసుకోనియ్యండి, నూరే ముందర.”

“వద్దంటి గద. ఎవురో వస్తాండారు, ఆ రాళ్ల మీద గోనె కప్పు.”

“శెట్టీ, ఉండావా?”

“బొజ్జన్నా? రాప్పా. ఆ మూటేంది?”

“నీ సరుకే శెట్టీ, మిగిలిండేది. వేంపల్లె సంతలోనుంచి నేరుగా వస్తాండా. ఓహో, ఉరుకుందప్ప గూడా ఈడనే ఉండాడే. నిన్ను కొడతారప్పా జనం.”

“ఎందుకు బొజ్జన్నా?”

“పుస్తకం తెరుస్తారు. ఆమె కొర్రలు దంచుతాంటాది. తిప్పుతారు. మల్లా దంచుతాంటాది. నా మొగం చూస్తారు. ముందుకు పోండప్పా, ముందుకు పోండి అంటా. ముందుకు పోతే ముల్లు తీస్తాంటాడు. అమ్మినోనికి సిగ్గుగుండాది.”

“కడాకు దొరుకుతాయి గద.”

“దొరుకుతాయి. దొరికిన ఆరూ చింపి జోబులో పెట్టుకోని, మిగతా పుస్తకం నా మీదికే ఇసిరేస్తారు. ఇదో, ఈ మూటంతా అదే. చెనిక్కాయలమ్మేటోల్లకు పొట్లాలకిచ్చినా, ఇంగా మిగిలినాయి.”

“మంచి పుస్తకమొకటి లేదా దీంట్లో? ఆరూ ఉండేది?”

“ఒక్కటీ లేదు శెట్టీ. ఎందుకు, నీకెందుకు?”

“ఊరికే అడిగినా.”

“ఇంగోటి. మొగోనికి ముఖం యాడ? మొదట్నించి కడా దాకా వీపే. ఒగాయప్ప అడిగినాడు, వీడేమన్నా దొంగతనం చేసినాడా, ముఖం చూపిచ్చడు అని.”

“చూసేటోడు ఆ వీపు తనదే అనుకోవల్లని అట్ల గీసినా బొజ్జన్నా.”

“నా వీపైతే అట్ల లేదప్పా. మూటలు మోసి మోసి గూని లేసిండాది.”

“అనుకునేకి ఏం అడ్డం?”

“నా పెండ్లాం అడ్డం. ఇంగ ఆ ఆరో బొమ్మ. దాన్ని ఎవురూ చింపరు, చూసి తిడతారు. అన్నం ఎడమచేత్తో వడ్డిస్తాండాది గద ఆమె. ఒక ముసలాయప్ప చెట్టు నీడలో కూచోని బూతు బొమ్మలు ఆరూ ఓపిగ్గా చూసినాడు. ఏమనలా. ఎనక్కి తిప్పి ఆరో బొమ్మ చూసినాడు. ఛీ, ఎడమచేత్తో అన్నం పెడతాండాది, ఏం ఇంటిదిరా ఇది, అని పుస్తకం పారేసి చెయ్యి దులుపుకోని పాయ.”

“అది పని తెలీక అయినేది బొజ్జన్నా. రాయి మీద అన్నీ తిప్పి గియ్యల్ల. రాయి మీద కుడిచెయ్యి గీస్తే కాయితం మీద ఎడమ అయితాది. ఈయప్ప తిప్పేది మరిచినాడు. అంతే గద ఉరుకుందప్పా?”

“అంతే సామీ. పొరపాటే.”

“ఇన్నేండ్ల పనోనివి, అంత పొరపాటా?”

“వయసు బొజ్జన్నా. కండ్లు.”

“అదేం పొరపాటప్పా. బొమ్మ తిరగబడింటే అన్నీ తిరగబడల్ల గద. నేను దినాం చూస్తాండా, ఆమె పైట ఎడమ భుజం మీదనే సరిగ్గుండాది. చెయ్యొక్కటే ఎట్ల తిరగబడింది?”

“నీకెందుకప్పా అవన్నీ. మూట ఈడ పెట్టి పో.”

“పోతాలే శెట్టీ. ఉగాది లోపల తెచ్చుకున్నేవి అయిపాయ. ఇంగ ఐదునూర్లు అచ్చెయ్యి. ఆరు బొమ్మలే ఎయ్యి, దంచేది వద్దు.”

“లేవు. రాళ్లు నూరేస్తాండాం. పోలీసులు వస్తాండారు.”

“ఏ పోలీసులు?”

“ఇనస్పెక్టరు కబురు పంపినాడు.”

“నీకా? నేను స్టేషను ఎదురుగానే కాఫీ తాగి వస్తాండా. అందరూ పలకరిచ్చినారు. అడిగితే అమ్మేటోన్ని అడగల్ల గద శెట్టీ, నిన్నెందుకు అడుగుతారు?”

“నీకు తెలీదు. పోయిరా.”

“పోతాండా, పోతాండా. దసరాకు శెట్టెమ్మ కాలం చేసినప్పట్నించి నువ్వు మనిషివే కాకుండా పోయినావు. ఆయమ్మ ఉండింటే ఇంత ఎండలో వచ్చినోనికి గలాసు మజ్జిగన్నా ఇచ్చేది.”

“…పోయినాడా?”

“మలుపు తిరిగినాడు సామీ.”

“తలుపెయ్యి.”

“ఉడుకు.”

“ఎయ్యి.”

“ఏసినా. పోలీసులు రారు గద సామీ.”

“రారు.”

“మరి ఇదంతా?”

“సంతలెంబడి తిరిగేటోనికి పైట కనపడింది. నాకు ఇన్ని నెలలు కనపడలా.”

“సామీ…”

“నువ్వు మాట్లాడొద్దు. నేను రాయి మీదనే చూసినా ఉరుకుందప్పా. నువ్వు గీసి చూపిచ్చిన ప్రతిసారీ రాయి మీదనే చూసి, కానీ అన్నా. రాయి మీద ఆమె కుడిచేత్తో వడ్డిస్తాండాది. ఎవురో ఆడది అనుకున్నా. ఏసేపు అచ్చేసినాడు, కట్టలు కట్టి బొజ్జన్నకు ఇచ్చినాం. నేను ఒక్క పుస్తకమన్నా తెరవలా. పోయినవారం బీరువా సందులో ఒకటి పడింటే తీసి చూసినా. నీకు పొరపాటు రాదు. అగ్గిపెట్టెంత బీడీ లేబులు మీద నలభై అక్షరాలు తిప్పి రాసేటోనివి, ఒక్క సున్నా తప్పిపోలా ఎప్పుడూ. పైట సరిగ్గుండాది. గడప సరిగ్గుండాది. చెయ్యి ఒక్కటే పొరపాటా? ఆ చేతి మణికట్టు కాడ కాలిన మచ్చ ఉండాది, అది గూడా పొరపాటా?”

“కాదు.”

“ఎవురామె?”

“తెలిసే అడుగుతాండారు.”

“నీ నోట్లోనుంచి రావల్ల.”

“శెట్టెమ్మ. కొట్టేట్లయితే కొట్టండి సామీ. ఆ చేత్తో కొట్టొద్దు, బొబ్బ పగుల్తాది.”

“యాడ చూసినావు ఆమెను?”

“మీ అరుగు మీద.”

“పదిహేడోది ఆ ఆరిట్లో ఒకటి, దాంట్లో ఉండేది అరుగు మీద చూసేది కాదు.”

“ఆ ఒళ్లు ఆయమ్మది కాదు సామీ. మా సుంకమ్మది. ఇరవైఆరేండ్లు కాపురం చేసినా, నాకు తెలిసిన ఒళ్లు అదొక్కటే. సరిగ్గా చూడండి, మోకాలి కింద ఎద్దు పొడిచిన గాటు ఉండాది. శెట్టెమ్మకు ఉండాదా?”

“లేదు.”

“చెయ్యీ ముఖమే ఆయమ్మవి. అంతే.”

“అంతేనంట.”

“మొన్నటేడు మూడు నెలలు ఊరికి పోకుండా ఈడనే ఉండి పని జేసినా గద. మధ్యాహ్నం కూడు మీ ఇంట్లోనే పెట్టిచ్చినారు. నేను లోపలికి రాకూడదు, అరుగు మీద ఆకు. మొదటిరోజు ఆయమ్మ ఎడమచేత్తో వడ్డిచ్చింది. నాకు కడుపు మండింది సామీ. మా కులపోనికి ఎడమచెయ్యి చాల్లే అనుకుంది కాబోలు అని.”

“తినకుండా లేసినావా?”

“ఆకలి సామీ. తిన్నా. నెలరోజులు తల ఎత్తకుండా అట్లే తిన్నా. ఒకరోజు చారు పోస్తాంటే చూసినా. కాలే చారు, గరిటె నిండుగా. ఆకు బయట ఒక్క చుక్క పడలా. అవమానం చేసే చెయ్యి అట్ల పొయ్యదు. అప్పుడు తెలిసింది, అది ఆయమ్మ అసలు చెయ్యని. లోపల కుడిచెయ్యి. బయట నా ముందర, ఎవురూ చూడరని, ఎడమచెయ్యి.”

“కాపురానికొచ్చిన వారానికే మా అమ్మ ఆ చేతి మీద కాలే అట్లకాడ పెట్టింది.”

“అప్పుడు మీరుండినారా?”

“తింటాంటి. ఇరవైరెండేండ్లు నాకు కుడిచేత్తోనే వడ్డిచ్చింది. దినాం కొంచెం ఒలికేది. దినాం అరిచేటోన్ని.”

“నాకు తెలీదు సామీ అది.”

“నీకెట్ల తెలుస్తాది. నీకు ఒలకలా గద.”

“ఒకరోజు నేనే అన్నా. అమ్మా, నా రాయి మీద ఉండే మనుషులంతా నీ మాదిరే, ఎడమచేత్తోనే తింటారు, ఎడమచేత్తోనే మొక్కుతారు, పెండ్లికొడుకు తాళి గూడా ఎడమచేత్తోనే కడతాడు, అని. నవ్వింది. గరిటె కింద పెట్టి నవ్వింది. తల గోడకు ఆనిచ్చి, కండ్లు మూసుకోని. అంతే, ఒక్కసారి. పదిహేడో బొమ్మలో పెట్టినేది ఆ నవ్వే. లోపల్నుంచి ఎవురో పిలిస్తే నోటికి పైట అడ్డం పెట్టుకోని లేసింది.”

“ఎవురో కాదు. నేనే పిలిచింటా.”

“పోతా ఒక మాటనింది. నన్నెప్పుడన్నా గీస్తే కాయితం మీద గూడా ఇట్లే ఉండల్ల ఉరుకుందప్పా, సరిచెయ్యొద్దు, అని.”

“అందుకని గీసినావు. బూతు పుస్తకంలో.”

“మీరు వేరే ఏం పుస్తకం ఇచ్చినారు సామీ నాకు? ఇరవై ఏండ్లలో బీడీ లేబులు ఇస్తిరి, మందుసీసా ఇస్తిరి, ఫారం ఇస్తిరి. ఆయమ్మ పోయిన నెల దాటకముందే పిలిచి ఇది ఇస్తిరి. మనుషుల్ని గియ్యమని నాకు దొరికిన పని ఇదొక్కటే. ఇంగ దేనిమీద గియ్యల్ల?”

“ఎవురన్నా గుర్తుపట్టింటే?”

“ఆయమ్మ నవ్వు ఎవురికి తెలుసని గుర్తుపడతారు?”

“…అదీ నిజమే. నేను గూడా నవ్వును చూసి పట్టలా. మచ్చను చూసి పట్టినా.”

“ఆ పుస్తకం ఏం చేసినారు సామీ?”

“పొయ్యిలో పెట్టినా. పెట్టి నిలబడినా. ఒక్కో పేజీ వంకర తిరుగుతా కాలింది. పదిహేడోది పైకి లేసింది. మంట వెలుతుర్లో అప్పుడు చూసినా సరిగ్గా, ఆ ముఖాన్ని.”

“అప్పుడు పెట్టినారా చెయ్యి?”

“అందలా.”

“దీపం అంటిరి.”

“ఏదో ఒకటి అనల్ల గద. బొజ్జన్న దగ్గరన్నా ఒకటి మిగిలింటాదేమో అనుకుంటి. నువ్వు విన్నావు గద.”

“అయితే పొద్దున్నించి ఈ నూరేది ఎందుకు సామీ? ఉంచుకోవచ్చు గద.”

“ఊర్లో అందరి జోబుల్లో ఉండాది ఆమె. ఇంగ ఒక్కటి గూడా ఎక్కువ కాకూడదు అనుకున్నా. పొద్దున నువ్వు ఒక్కో రాయి నూరుతాంటే బాగనే ఉండె. ఈ రెండూ వచ్చేసరికి పక్కకు జరిపింటా. నాకు గుర్తులేదు.”

“జరిపినారు.”

“మా ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటీ లేదు ఉరుకుందప్పా. ఫోటో తీయిస్తే ఆయుస్సు తగ్గుతాదని మా అమ్మ తియ్యనీలా. తియ్యకుండానే నలభై దాటకుండా పాయ. సుందరలక్ష్మి.”

“ఆ పేరు ఇప్పుడే వినడం సామీ.”

“నేను గూడా పిలవలా ఎప్పుడూ. ఏమే అనేటోన్ని.”

“ఇప్పుడేం చెయ్యమంటారు?”

“గోనె తియ్యి. రాయి మీద జిగురు కడుగు. సిరా పట్టిచ్చి ఒక కాయితం తియ్యి.”

“సరే సామీ. రెండో రాయి ఎక్కిస్తా. ఆరో బొమ్మ, వడ్డించేది. మచ్చ చక్కగ వచ్చిండాది దాంట్లో. నిండుగా బట్ట కట్టుకోని ఉండాది. అద్దం కట్టిచ్చి గోడకు పెట్టుకుంటే ఎవురూ ఏమనరు.”

“అది కాదు. అయిదో రాయి.”

“అయిదా?”

“పదిహేడు.”

“అది జనం చింపుకపోయినేది సామీ. పొద్దున్నించి బూతు బూతు అంటిరి దాన్నే.”

“అంటి.”

“గోడకు పెట్టేది కాదది.”

“బీరువాలో పెట్టుకుంటా. అది ఒక్కటే.”

“తీసినంక రాయి నూరమంటారా?”

“నువ్వు ఎత్తుకపోతానంటివి గద ఆలూరికి. ఎత్తుకపో. మోసేకి బండి మాట్లాడు.”

“మీరు కూచోండి, నేనే ఎక్కిస్తా. ఇదో, చూడండి, చెడిపోలా. రాయి మీద తిరగబడి ఉండాది, కాయితం మీద సరిగ్గొస్తాది. సిరా పలచగా ఎయ్యల్ల, ముఖం కాడ.”

“ఉండు. కాయితం పెట్టే ముందర ఒకటి చెప్పు.”

“ఏంది సామీ?”

“ఆ మొగోనికి ముఖం లేదు గద. చూసేటోడు ఎవురైనా ఆ వీపు తనదే అనుకోవచ్చని బొజ్జన్నతో అంటివి.”

“అంటి.”

“వారం దినాల్నుంచి ఆ రాయిని చూస్తాండా, నాకు అనుకునేకి చాతకావడంలా. ఆమె నవ్వేది నన్ను చూసేనని, ఆ వీపు నాదేనని, నువ్వు చెప్పు ఉరుకుందప్పా.”